పిట్టగోడ లేని మిద్దె



గత వేసవిలో మా తమ్ముని కుమారుని చూచుటకు హైదరాబాదు వెళ్లితిని. అతడు మాదాపూరులో, హైటెక్ సిటీ అనబడు చోట, ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగము చేయుచున్నాడు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ అను గుండ్రని భవనమును ప్రారంభించిరి. ఆ దినములలో ఆ చుట్టుపట్ల ఎక్కువగా రాళ్లగుట్టలే. ఇప్పుడు తల యెత్తిన చోటనెల్ల అద్దాల మేడలే. మా వాడు మధ్యాహ్నము కొంచెము తీరిక చేసికొని, తన మేడ క్రిందనున్న ఫలహారశాలకు నన్ను తీసికొనిపోయెను.

మేము కూర్చున్న చోటునుండి బయట ఒక మనుష్యుడు త్రాళ్లకు వ్రేలాడుచు ఏడవ అంతస్తు అద్దములు తుడుచుట కనబడెను. వాని నడుమునకు పట్టీ, తలకు టోపీ, ఒక త్రాడు తెగినను రెండవది పట్టుకొనునట్లు రెండు త్రాళ్లు. క్రింద నేలమీద కొంత మేర త్రాడు కట్టి ఎవరిని రానీయకుండిరి. అక్కడ మరియొకడు ఏ పనియు చేయక, తల పైకెత్తి వానినే చూచుచు నిలిచియుండెను.

“ఆ క్రింది అతడు ఏమి చేయుచున్నాడురా?” అని అడిగితిని.

“చూచుటయే అతని పని, పెదనాన్నగారూ. పైవానికి ఏమైనను జరిగినచో కేక వేయవలెను. దానికే జీతమిత్తురండి” అనెను.

నేను ఆశ్చర్యపడితిని. ఆ మేడలు కట్టునప్పుడు మన పల్లెలనుండి వెళ్లిన కూలీలు ఎందరో పడిపోయిరని ఎరుగుదును గనుక ఆ పట్టణము నీతిగలదని చెప్పుటకు నేను సిద్ధముగా లేను. అయినను ఒకని ప్రాణమును చూచుచుండుటకై మరియొకనికి కూలి యిచ్చుట నా కన్నులతో చూచితిని. ఇంతలో మా వాడు ఆలుగడ్డ చిప్స్ పొట్లము ఒకటి తెచ్చి నా యెదుట పెట్టెను. కంటి అద్దములు సవరించుకొని దాని వెనుకనున్న సన్నని అక్షరములు చదివించితిని. పామోలిన్ నూనె అని యుండెను. అప్పుడు నా మనస్సు మా తోటకు పరుగెత్తెను. ఏలయనగా నేను ఏలూరు మెట్టలో మూడెకరముల పామాయిల్ తోట గలవాడను.

మన దేశములో ఈ గెలలలో నూటికి 98 వంతులు మూడు రాష్ట్రములలోనే పండుచున్నవి: ఆంధ్ర, తెలంగాణ, కేరళ. వానిలో మొదటిది మన ఆంధ్రయే. పెదవేగి, చింతలపూడి, అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతములవారికి ఈ చెట్టును గూర్చి నేను చెప్పనక్కరలేదు గాని, తక్కిన జిల్లాల చదువరులకొరకు కొంచెము చెప్పెదను.

ఎకరమునకు 57 చెట్లు. నాటిన మూడు నాలుగు సంవత్సరములకు గెల వేయును. పది పదిహేను దినములకొకసారి, ఏడాది పొడుగున, ఎండయనక వానయనక కోత. చెట్టు చిన్నదైనప్పుడు ఉలివంటి పనిముట్టుతో నిలువబడియే పొడిచి కోయవచ్చును. చెట్టు ఎదిగిన కొలది గడ పొడవగును. పదునైదేండ్ల తోటలో కొడవలి కట్టిన గడను ముప్పది అడుగుల యెత్తునకు ఎత్తి, మెడ వెనుకకు విరిచి, ముందు మట్టను, తరువాత గెలను తెగలాగవలెను. గెల బరువు పదునైదు కిలోలు, ఇరువది, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ. అది తెగినప్పుడు దాని క్రిందినుండి తప్పుకొనుటకు కోయువానికి ఒక రెప్పపాటు కాలమే దొరకును. మట్టకు ఇరుప్రక్కల ముండ్లుండును. పైనుండి దుమ్ము, పూత, పురుగు కంటిలో పడును. రాలిన పండ్లు ఏరునది సాధారణముగా స్త్రీలు. ఆ పండ్లకు ఎలుకలు వచ్చును, ఎలుకలకొరకు పాములు వచ్చును. మట్టల కుప్ప ప్రక్కన చేయి పెట్టునప్పుడు ఆ తల్లికి ఇది తెలియును.

కోసిన గెల ఇరువది నాలుగు గంటలలో ఫ్యాక్టరీ చేరవలెను, లేనిచో నూనె చెడును. కూలి దినమునకు కాదు, టన్నుకు. ఈ రెండును కలిసినప్పుడు మెల్లగా చేయుమని ఎవడును చెప్పడు.

అన్నిటికంటె భయంకరమైనది కరెంటు తీగ. గడ అల్యూమినియముతో చేయబడినది. తేలికగా నుండును, పొడవు పెంచుకొన వీలగును. గాని లోహము లోహమే. బోరుబావికి వెళ్లు తీగలును, తోట మీదుగా పోవు పెద్ద లైనును మట్టల సందున దాగియుండును. పైకి చూచువాని కన్ను గెలమీద నుండును గాని తీగమీద నుండదు. రెండేండ్ల క్రిందట మా ప్రక్క ఊరిలో ఇట్లే ఒక పడుచువాడు గడ పట్టుకొనినవాడు పట్టుకొనినట్లే పడిపోయెను. అతనికి ఇద్దరు బిడ్డలు. సమాధి కూడికలో ప్రార్థన చేయుమని నన్నడిగిరి. దేవుడు తన చిత్తము చొప్పున అతని పిలుచుకొనెనని చెప్పి ప్రార్థించితిని. అందరును ఆమేన్ అనిరి.

అద్దాల మేడ యెదుట కూర్చుండి ఆ ప్రార్థనను తలంచుకొనగా నాకు చెమట పట్టెను. దేవుని లెక్కలో వ్రాసిన ఆ సంగతి నిజముగా ఎవరి లెక్కలోనిది?

ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయములో ఒక చిన్న కట్టడ యున్నది. మనము దానిని చదివి దాటిపోవుదుము. క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెను. పెట్టనిచో పడినవాని రక్తము ఆ యింటిమీద నుండును. చిత్రమేమనగా, పడినవాడు జాగ్రత్తగా నడిచెనా, లేదా, త్రాగి యుండెనా, తొందరపడెనా అని ఆ కట్టడ అడుగదు. ఇంటివానినే అడుగును. నిర్గమకాండములో గోతిని మూయక విడిచిన వాని సంగతియు అట్లే. అందులో పడిన ఎద్దు తెలివిలేనిదని గోతివాడు తప్పించుకొనలేడు. ఎద్దు విషయములో ఇట్లుండగా మనుష్యుని విషయములో ఎట్లుండవలెను? సిలోయము గోపురము పడి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, చచ్చినవారు తక్కినవారికంటె పాపులని తలంచకూడదని మన ప్రభువు చెప్పెను. మనమో, వాడు చూచుకొనక గడ ఎత్తెనని ఆ పడుచువానిమీదనే నింద మోపి ఇంటికి వచ్చితిమి. కొంత వానిమీద, కొంత దేవునిమీద. మనమీద ఏమియు మిగులలేదు.

రైతునడిగినచో, నేను పిలిచినది ముఠాను, ముఠాలో ఎవరు వచ్చెదరో నాకేమి తెలియుననును. ముఠా మేస్త్రిని అడిగినచో, నేనును వారితోపాటు కూలివాడనే, తోట నాది కాదనును. ఫ్యాక్టరీ గెలను కొనును గాని కోతను కొనలేదనును. మా తమ్ముని కుమారుడు చిప్స్ తినుచు, ఇది చెట్టునుండి వచ్చునని నాకు ఇప్పుడే తెలిసినదండి అనెను. ఇందులో ఎవడును అబద్ధమాడలేదు. అదియే నన్ను కలవరపెట్టుచున్నది. ఏ ఫ్యాక్టరీకి ఏ మండలమని 1993 నాటి చట్టము ఏర్పరచినది. గెల ధరకు ఒక లెక్క, నూనె శాతమునకు ఒక లెక్క యున్నవి. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఈ పంటను పెంచుటకు 11,040 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. గెల కోయువాని మెడకు మాత్రము ఏ కాటాలోను లెక్క లేదు.

మనవారు ఈ చెట్టును ఎరుగుట ఇప్పటిది కాదు. విశాఖ, శ్రీకాకుళము తీరములనుండి ఓడలెక్కి మలయా దేశపు తోటలకు కూలికి పోయిన తెలుగువారున్నారు. అక్కడ సెలంగూరులో 1917లోనే ఒక ఫ్రెంచి దొర ఈ చెట్లను వ్యాపారమునకై నాటించెను. అక్కడి కష్టములు తక్కువవి కావు. అయినను అక్కడ దొర ఒకడుండెను. ఇల్లు కావలెనన్నను మందు కావలెనన్నను పోయి నిలుచుటకు ఒక గుమ్మముండెను, అది ఎందరికి తెరువబడెననునది వేరు మాట. మన దేశములో 1951లో చేసిన తోటల చట్టము కూడ తేయాకు, కాఫీ, రబ్బరు మొదలైన పెద్ద తోటల కూలీలను తలంచి చేయబడినది. మూడెకరముల వానిని, అయిదెకరముల వానిని అది తలంచలేదు. మన మెట్టలో దొర లేడు. లేడనుకొనుచున్నాము. ముఠా దృష్టిలో దొరను నేనే.

కూలి సరిగా ఇచ్చితిని గదా, సూర్యుడు అస్తమింపకమునుపే ఇచ్చితిని గదా అని నేను చాలకాలము తృప్తిపడితిని. అది మంచిదే, అట్లు ఇయ్యనివారు మన సంఘములలోనే కలరు. అయితే కూలి పనికి బదులు. పిట్టగోడ దేనికి బదులు? దానివలన ఇంటివానికి ఒక కాసు రాదు. పడనివాడు ఎవడును వచ్చి కృతజ్ఞత చెప్పడు, తాను పడకుండెనని వానికే తెలియదు గనుక. పడిన పిమ్మట చందా వేయుట మనకు బాగుగా తెలియును. ఆ విధవరాలికి మా సంఘము బియ్యము మూటయు కొంత సొమ్మును ఇచ్చెను. తీగను గూర్చి ఎవరును మాటలాడలేదు.

నేను తిరిగి వచ్చిన మరునాడు తోటలో తలయెత్తి నడిచితిని. పదునెనిమిదేండ్లుగా ఆ తోటలో తల దించుకొనియే నడిచియుంటిని. తీగ క్రిందను, తీగకు గడ అందునంత దగ్గరను పదకొండు చెట్లున్నవి. బాగుగా కాచు తోటలో పదకొండు చెట్లకు ఏడాదికి సుమారు టన్నున్నర గెలలు. ఈ లెక్క నేను మొదట వేసితినని సిగ్గుతో వ్రాయుచున్నాను. నా భార్య విని, మరి ఆ పిల్లవాని లెక్క ఎంత అని మాత్రము అడిగి లోపలికి వెళ్లెను.

పైకప్పు పనివారు పెట్టుకొను గట్టి టోపీలు నాలుగు, కంటి అద్దములు నాలుగు కొనితిని. ముఠావారు మొదట నవ్విరి. ఎండకు తల ఉడుకుచున్నదని ఒకడు తీసివేయును, నేను మరల పెట్టుమందును. ఇది ప్రతి కోతకును జరుగుచున్నది. కరెంటు పారని గడలు ఉన్నవని విని వాటికొరకు విచారించుచున్నాను. ఖరీదెక్కువ, గనుక నలుగురు రైతులము కలిసి ఒకటి కొందమని అడుగుచున్నాను. ఇద్దరు ఒప్పుకొనిరి. తోటి సంఘపెద్ద ఒకరు, మీరు కూలీలకు లేనిపోని అలవాట్లు నేర్పుచున్నారు, రేపు మమ్మును కూడ అడుగుదురని కోపపడిరి. ఆయన చెప్పినది నిజమే, అడుగుదురు.

పదకొండింటిలో మూడు చెట్లు క్రిందటి నెల తీయించితిని. ఎనిమిది ఇంకను నిలిచియున్నవి. పచ్చని చెట్టును కాపుమీద నరికించుట చేతకాక, ఈ యేడాది గడువనిమ్మని నాకు నేనే వాయిదా వేసికొనుచున్నాను. అంతవరకు కోతనాడు లైను ఆపించి, ఆ ఎనిమిది చెట్లు కోయునంతసేపు క్రింద నిలిచి పైకి చూచుచున్నాను. చూచుటయే నా పని.

రేపు శుక్రవారము కోత. ముఠా ఆరున్నరకు వచ్చును. ఆరు గంటలకే లైన్‌మన్‌కు ఫోను చేయవలెను.