పూనకానికి పేరు పెట్టేదెవరు?

నడుముకు చుట్టుకున్న పట్టీ నిండా ఎండిన మేక గిట్టలు. ఆడే మనిషి ఒక్క ఊపు ఊపితే అవన్నీ గలగలమంటాయి. దాన్ని మంజూర్ అంటారు. పక్కన తంబూరా మోగుతుంది. మన భజనల తంబురా కాదిది, పేరొక్కటే కలిసింది. దుబాయ్‌లో వెనకటికి ఇవి మోగుతున్నాయంటే చాలాసార్లు ఎవరికో 'జార్' పట్టిందని, దాన్ని శాంతపరుస్తున్నారని అర్థం.

జార్ అంటే మనిషిని పట్టే ఆత్మ. ముత్యాల వేటకు, ఖర్జూరపు తోటలకు తూర్పు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ల వెంట ఆ నమ్మకం కూడా గల్ఫ్ తీరం చేరింది. దుబాయ్‌లో దాని తీరుతెన్నులపై ఎమిరాతీ పరిశోధకురాలు ఆయిషా బిల్ఖైర్ 2006లో వ్యాసం ప్రచురించారు.

జార్‌ను వేపమండలతో కొట్టి వెళ్లగొట్టరు. ఏం కావాలో అడుగుతారు. సాంబ్రాణి పొగ, అత్తరు, కొత్త బట్ట, ఒక పాట... అడిగింది ఇచ్చి రాజీ కుదుర్చుకుంటారు. నోరెత్తే వీల్లేని ఆడది ఆత్మ గొంతుతో తనకు కావలసింది అడిగి తీసుకుంటుందని మానవశాస్త్రవేత్త ఐ.ఎం. లూయిస్ 1971లోనే వాదించారు. అందులో నిజముంది. కానీ ఆ వాదాన్ని మరో అడుగు లాగితే 'ఆమె నటిస్తోంది' అన్నట్టే అవుతుంది. వణుకుతున్న ఒంటికి ఆ మాట న్యాయం చేయదు.

బ్రిటిష్ వాళ్లకు ఈ తీరంపై 1820 ఒప్పందం నుంచి 1971 దాకా పట్టు ఉండేది. పారిపోయి వచ్చిన బానిసల వాంగ్మూలం తీసుకుని వాళ్ల అధికారులు విముక్తి పత్రాలు ఇచ్చేవారు. చరిత్రకారుడు మాథ్యూ హాపర్ 2015 నాటి తన పుస్తకంలో ఆ వాంగ్మూలాలను వాడుకున్నారు. ఎక్కడ పుట్టావు, ఎవరు ఎత్తుకొచ్చారు, యజమాని ఎలా చూశాడు? దొరలకు కావలసింది అది. ఆ బానిసను పట్టిన ఆత్మ పేరు ఏమిటన్నది వాళ్ల ప్రశ్న కాదు.

మతానిది ఇంకో చిక్కు. జిన్నులు ఉన్నాయని ఖురాన్ చెబుతుంది, మాయావిద్యను మాత్రం నిషేధిస్తుంది. జార్ ఆడించే స్త్రీ తాను చేసేది వైద్యమంటుంది. మతపెద్దల్లో చాలామంది ఆ మాట ఒప్పుకోరు. నేటి ఎమిరేట్స్ చట్టం చేతబడిని నేరంగానే చూస్తుంది. 2021 శిక్షాస్మృతి ప్రకారం జైలుతో పాటు కనీసం 50,000 దిర్హాముల జరిమానా.

మనకూ పూనకం కొత్తేం కాదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం (భవిష్యవాణి) చెప్పే స్త్రీ ముందు మంత్రులు సైతం చేతులు కట్టుకుంటారు. ఆమె ఒంటి మీదికి వచ్చింది అమ్మవారు. అదే తెలంగాణలో, మెదక్ జిల్లాలో, 2024 నవంబరులో చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఒక మహిళకు నిప్పంటించారు. ఆమె బతకలేదు. ఒకరిని అమ్మవారన్నారు, ఇంకొకరిని మంత్రగత్తె అన్నారు. ఆ పేర్లు పెట్టింది వాళ్లు కాదు, చుట్టూ ఉన్నవాళ్లు. మంత్రం నోట పలకకుండా మంత్రగాళ్ల ముందరి పళ్లు ఊడబెరికేవారని, దక్షిణ భారత నమ్మకాల మీద తన పుస్తకంలో బ్రిటిష్ రచయిత ఎడ్గర్ థర్‌స్టన్ 1912లో రాశారు. పళ్లు పీకిన చేతులూ ఊరివాళ్లవే.

తాయెత్తు పేరుతో డబ్బు గుంజే మోసగాణ్ని చట్టం పట్టుకోవలసిందే. కానీ పక్కింటి ముసలామె మీద బాణామతి అనే మాట వేసేముందు, షార్జా గదిలో ఉన్నా సంగారెడ్డి గడపలో ఉన్నా, ఒక్క క్షణం ఆగండి. ఆ మాట పడ్డాక ఆమె ఏం చెప్పినా ఊరు వినదు.