చిన్న లోపం ఎవరికి చిన్నది?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. ఆ చివర రాకెట్ కేంద్రంలో సెకన్లు వెనక్కి లెక్కపెడతారు. సరస్సులో వల వేసే మనిషికి గాలి వాటం, నీటి మట్టం తెలిస్తే చాలు. ఎవరి కాలం కచ్చితమైనదని అడిగే ముందు, ఆ కచ్చితత్వం ఎవరికి ఎంత అవసరమో మనం అడగాలి.

ఉదాహరణకు, ఖరీదైన కీ వాచీల్లో ఒకేసారి ఎన్నో నగరాల సమయం చూపే వరల్డ్ టైమ్ వాచీ ఒకటి. 1930ల మొదట్లో జెనీవాలో లూయీ కోటియే దాని ఏర్పాటు రూపొందించాడు. డయలు అంచున నగరాల పేర్లు, వాటి లోపల 24 గంటలకు ఒకసారి చుట్టు తిరిగే వలయం. కాస్త దగ్గరగా పెట్టుకుని చూస్తే, నగరం పేరుకూ గంట గీతకూ మధ్య వెంట్రుకవాసి తేడా కనబడవచ్చు. రాత్రి వెల్లకిలా పెడితే ఒక నడక, పక్కకు ఆనించి పెడితే మరో నడక. రోజుకు 86,400 సెకన్లు. స్విస్ క్రోనోమీటర్ ప్రమాణం సగటున రోజుకు 4 సెకన్లు వెనకబడటాన్నీ, 6 సెకన్లు ముందుకు పోవడాన్నీ ఒప్పుకుంటుంది. చవక క్వార్ట్జ్ వాచీ ఇంతకంటే మేలు. మరి ఈ ఖరీదైన వాచీ తప్పును ఎందుకు క్షమిస్తున్నాం?

చేతిపని కనుక లోపమూ అందమేనని ఒక జవాబు. అది నాకు సమ్మతం కాదు. ఆ మాట చెప్పి బద్ధకాన్నీ అమ్మవచ్చు. వాచీలోని బ్యాలెన్స్ చక్రాన్ని భూమి లాగడం, వేడికి నూనె పలచబడటం పదార్థ స్వభావం. మర సరిగా బిగించకపోవడం మనిషి అశ్రద్ధ. రెండింటినీ ఒకే పేరుతో క్షమించలేం.

అసలు కచ్చితమైన కాలమే లేదని మరో జవాబు. ఇందులో కొంత నిజముంది. మన గడియారం కాకినాడకు చేరువగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. పులికాట్ దానికి పడమరన ఉంది కాబట్టి, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో పన్నెండు దాటి సగటున తొమ్మిది నిమిషాలవుతుంది. దేశమంతటికీ ఒకే కాలం ఉండాలని 1906 జనవరి 1 నుంచి ఆ తేడాను భరిస్తున్నాం. భూమి తిరుగుడే సమంగా లేక, 1972 నుంచి 27 సార్లు ప్రపంచ గడియారాలకు ఒక్కో సెకను కలిపారు. అయినా, ఏదీ పరిపూర్ణం కాదు కనుక ఏదైనా ఫరవాలేదనడం తర్కం కాదు.

అందుకే నాకు ముఖ్యమనిపించేది వేరే ప్రశ్న: ఆ లోపాన్ని మోసేది ఎవరు? వాచీ ఆరు సెకన్లు తప్పితే మోసేది దాన్ని కొన్నవాడే. పైగా ఆ హద్దు అతనికి ముందే తెలుసు. 2019 జూలై 15న శ్రీహరికోటలో చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల ముందు ఆపేశారు. సాంకేతిక లోపం బయటపడింది. సరిదిద్ది 22న పంపారు. అక్కడ సర్దుకుపోయే హక్కు ఎవరికీ లేదు. మన బతుకుల్లో మాత్రం "నేనూ మనిషినే కదా" అని చాలాసార్లు అంటాం. ఎక్కువగా ఎప్పుడంటాం? మన ఆలస్యాన్ని మరొకరు గుమ్మంలో నిలబడి మోసినప్పుడు. మన మాట తప్పడాన్ని ఇంకొకరు అప్పు చేసి పూడ్చినప్పుడు. ఎదుటివాడు క్షమించాల్సిన దాన్ని మనకు మనమే క్షమించేసుకుంటాం. ఎంతవరకు తప్పుతామో ముందుగా చెప్పం కూడా. వాచీకున్న ఆ పాటి నిజాయితీ మనకెందుకు లేదు?

ఇంకొకటి మిగిలింది. మామూలు వరల్డ్ టైమ్ డయలు మీద ఇరవై నాలుగు నగరాలు ఒక్కో గంట తేడాతో ఉంటాయి. ప్రపంచ ప్రమాణ కాలానికి అయిదున్నర గంటలు ముందుండే మన కాలానికి అందులో చోటు లేదు. పులికాట్ దగ్గరి తడలో ఉన్నవాడు కరాచీ గంట చూసి, దానికి అరగంట కలుపుకోవాలి. యంత్రానికి అంతకంటే చేతకాదనుకుంటే సరిపెట్టుకోవచ్చు. కానీ 2011లో వాచీ కంపెనీ వషెరాన్ కాన్‌స్టాంటిన్ అరగంటలూ ముప్పావుగంటలూ కలిపి 37 టైమ్ జోన్లు చూపే మెకానికల్ వాచీ తెచ్చింది. అంటే పని కష్టమే గానీ అసాధ్యం కాదు. పాత డయలును చూసి ఇది చిన్న లోపమేనని తీర్మానించినవాళ్లు, అరగంట దొరకని మనిషిని అడిగే ఆ మాట అన్నారా?