క్రయధనము చెల్లిన తరువాత

ధ్యానమునకు: మార్కు 10:45, మత్తయి 18:21–35



2010వ సంవత్సరము సెప్టెంబరు నెలాఖరున, ఆఫ్రికా తూర్పు తీరమున మొంబాసా రేవునుండి డర్బను రేవునకు పోవుచున్న ఒక ఓడను సోమాలియా దేశపు సముద్రపు దొంగలు పట్టుకొనిరి. ఓడ పేరు అస్ఫాల్ట్ వెంచర్. మన బాటలకు పరచు తారు వంటి సరకును మోయు ఓడ అది. అందులోని పదునైదుగురును మన దేశస్థులే. వీరు యుద్ధమునకు పోయినవారు కారు. జీతమునకు పనిచేసి ఇంటికి డబ్బు పంపుకొనువారు. అపొస్తలుడైన పౌలు తన శ్రమలను కొరింథీయులకు లెక్కించి వ్రాయునప్పుడు దొంగల ఆపదను, సముద్రపు ఆపదను వేర్వేరుగా చెప్పెను. ఈ నావికులకు ఆ రెండును ఒక్క దినముననే వచ్చెను.

నెలల తరబడి బేరము జరిగి, 2011 ఏప్రిల్ నెలలో క్రయధనము చెల్లింపబడెను. దొంగలు డబ్బు పుచ్చుకొని ఓడను వదలిరి, ఎనిమిదిమందిని వదలిరి. తక్కిన ఏడుగురిని మాత్రము ఒడ్డునకు దింపి తీసుకొనిపోయిరి. ఏలయనగా భారత నౌకాదళము వారి తోటి దొంగలను నూరుమందికి పైగా పట్టియుండెను. వారిని విడిచినగాని వీరిని విడువమనిరి. ఆ ఏడుగురు 2014 అక్టోబరు 30వ తేదీని గాని బయటపడలేదు. నాలుగు సంవత్సరములు దాటినది. సొమ్ము ముట్టిన తరువాత కూడ మూడేండ్లకు పైగా ఆ ఇండ్లలో ఎదురుచూపు ఎట్లుండెనో, బిడ్డలను దూరదేశములకు పంపిన తల్లులు మనకంటె బాగుగా చెప్పగలరు.

ఈ దొంగలెవరు? 1991లో సోమాలియా ప్రభుత్వము కూలిపోయెను. తీరమును కాయువారు లేకపోగా పరదేశపు పెద్ద పడవలు వచ్చి అక్కడి చేపలను తోడుకొనిపోయినవి. మా సముద్రమును మేమే కాచుకొందుమని మొదట కొందరు ఆయుధములు పట్టిరి. త్వరలోనే అది వ్యాపారమాయెను. వల ఖాళీగా లాగిన జాలరి దుఃఖమును మేము తేలికగా చూడము. అయినను చేపలు దోచినవారు వేరు, తారు ఓడలోని పనివారు వేరు. ఒకని బాకీని చేతికి చిక్కిన మరియొకనివద్ద వసూలు చేయుట న్యాయము కాదు.

2008 నవంబరులో సిరియస్ స్టార్ అను సౌదీ నూనె ఓడను ఇరువది లక్షల పీపాల ముడి చమురుతో సహా పట్టిరి. 2009 జనవరిలో క్రయధనము విమానమునుండి గొడుగు కట్టి జారవిడువబడెను. తమ పాళ్లతో తిరిగిపోవుచుండగా పడవ బోల్తాపడి దొంగలలో కొందరు మునిగి చనిపోయిరి. తగిన శాస్తి యని సంతోషించువారున్నారు. వారికొరకును ప్రభువు మరణించెను గనుక మనము సంతోషింపరాదు.

మనుష్యకుమారుడు అనేకులకు ప్రతిగా తన ప్రాణమునే క్రయధనముగా ఇచ్చెనని మార్కు సాక్ష్యము. ఆ వెల చెల్లిన తరువాత ఏడుగురిని వెనుక ఉంచుకొనుట అక్కడ లేదు. మరి మన మధ్యను? అసలు వడ్డీ అంతయు పుచ్చుకొని ప్రోనోటు తిరిగి ఇయ్యని షావుకారును మీరెరుగుదురు. ఆ కాగితము పెట్టెలో ఉన్నంతకాలము రైతుకు నిద్రలేదు. అట్టి పెట్టెలు సంఘములోను ఉన్నవి. ఒక సహోదరుడు తప్పిపోయెను. పెద్దల యెదుట ఒప్పుకొనెను. క్రమశిక్షణ కాలము గడచెను. ప్రభు బల్లకు తిరిగి చేర్చుకొంటిమి. పిమ్మట అతని కుమార్తెకు సంబంధము వచ్చినప్పుడు ఆ పాత సంగతి ఎత్తినదెవరు? పదివేల తలాంతులు క్షమింపబడిన దాసుడు తోటివాని గొంతు పట్టుకొనెను. అయినను ఆ తోటివాడు నూరు దేనారములు నిజముగా బాకీ యుండెను. మనము పట్టుకొన్నవాడు మనకేమియు బాకీ లేడు.

సముద్రముమీద ఈ కీడు ఇంకను తీరలేదు. 2023 డిసెంబరులో రూయెన్ అను ఓడ పట్టబడగా, 2024 మార్చిలో భారత నౌకాదళము అందులోని పదునేడుగురిని విడిపించినది. గనుక ఈ నెల బుధవారపు కూటములలో ఓడ పనివారిని, వారి ఇంటివారిని, సోమాలియా తీరపు జాలరులను జ్ఞాపకము చేసికొని ప్రార్థింతము. కూటమునకు వచ్చునప్పుడు, గుడిలో చాలకాలముగా వెనుక వరుసను ఒంటరిగా కూర్చుండు సహోదరుని ఇంటిమీదుగా వచ్చి, అతనిని వెంటబెట్టుకొని రండి.