దిద్దుబాటు - అనుబంధము

విద్యార్థి తప్పు చేసినపుడు దానిని చూపవలసినదే. కాని యెట్లు చూపవలెను? కఠినముగా దిద్దినచో మనస్సు ముడుచుకొనును. దిద్దక విడిచినచో తప్పు వేళ్లూనును. పరీక్షాఫలితములు వెలువడిన నాడు రాయపూరు దేవేంద్రనగరమందలి తల్లిదండ్రులకైనను, మన తెలుగుదేశమందలి వారికైనను ఈ చిక్కు తప్పదు. ఆ రాయపూరులోనే దాదాపు నూటయేబది యేండ్ల క్రిందట ఒక తండ్రి తన కుమారునకు గురువైన విధము ఈ సందర్భమున స్మరింపదగినది.

1877లో విశ్వనాథదత్తు వృత్తిరీత్యా రాయపూరున నివసించుచుండగా, పదునాలుగేండ్ల నరేంద్రుడు, అనగా భావి వివేకానందస్వామి, కుటుంబముతో అచ్చటికి చేరెను. ఆ యూర అతనికి తగిన పాఠశాల లేదు. తండ్రి యతనితో గంభీర విషయములను చర్చించెడివాడు, స్వేచ్ఛగా ఆలోచింపనిచ్చెడివాడు, ఇంటికి వచ్చు విద్వాంసుల గోష్ఠిలో కూర్చుండనిచ్చెడివాడు. 1879లో కలకత్తాకు మరలిన నరేంద్రుడు ప్రవేశపరీక్షయందు ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను.

ఆ తండ్రి దిద్దిన తీరును తెలుపు సంఘటన యొకటి జీవితచరిత్రలలో కలదు. ఒకనాడు నరేంద్రుడు తల్లితో పరుషముగా మాటలాడెను. తండ్రి కేకలు వేయలేదు. కుమారుని మిత్రులు వచ్చు గది తలుపుపై, అతడు తల్లితో అన్న మాటలను బొగ్గుతో వ్రాసియుంచెను. అందు చేసిన పని మాత్రమే కలదు. చేసినవానిపై తీర్పు లేదు. అయినను అది సిగ్గుపరుపదా? పరచును. తండ్రి ప్రేమపై నమ్మకము లేని బిడ్డకు ఆ బొగ్గురాతయే మానని గాయమయ్యెడిది.

ఆధునిక మనస్తత్త్వశాస్త్రమును ఇందుకు సమీపముననే యున్నది. 1996లో క్లూగర్, డినీసి అను పరిశోధకులు అనేక ప్రయోగముల ఫలితములను సమీకరించి చూడగా, గుణదోషములను తెలుపుట సగటున మేలు చేసినను, మూడవవంతుకు మించిన సందర్భములలో పనితీరును దిగజార్చినదని తేలెను. దృష్టి పనిని విడిచి వ్యక్తిపైకి మరలినకొలది దాని ప్రయోజనము తగ్గునని వారు వివరించిరి. ఆశ్రయము దృఢమని యెరిగిన బిడ్డయే ధైర్యముగా క్రొత్తదానిని అన్వేషించునని జాన్ బౌల్బీ అనుబంధ సిద్ధాంతము తెలుపుచున్నది.

అయితే అనుబంధము వేరు, మమకారము వేరు. మమకారము బిడ్డ మార్కులలో తన గౌరవమును లెక్కించుకొనును. మార్కులు తగ్గినచో ప్రేమయు తగ్గినట్లు కనబడును. ఇక బిడ్డ తప్పును దిద్దుకొనుటకు మారుగా దాచుకొన నేర్చును. కావున దిద్దబూనువాడు ముందుగా తన్ను తాను ప్రశ్నించుకొనవలెను: నన్ను బాధించుచున్నది బిడ్డ చేసిన తప్పా, లేక నా పరువునకు తగిలిన దెబ్బయా? ఈ ప్రశ్నకు నిజాయితీతో సమాధానము చెప్పుకొన్న పిమ్మట పలికిన మాట, కఠినమైనను, బిడ్డకు హితమే యగును.