అరవని వాళ్లు

"అడగందే అమ్మయినా పెట్టదు" అంటారు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సులో ఉద్యోగానికి చేరాక ఈ సామెతతో నాకు పేచీ వచ్చింది.

కొత్తలో ఓ బస్సు బోల్తా పడింది. కాలు విరిగిన ఆసామీ మా వంశాన్నంతా తిడుతుంటే అటే పరుగెత్తాను. సీనియరు ఆపాడు. "తిట్టేవాడికి ఊపిరి బ్రహ్మాండంగా ఆడుతోందోయ్! ముందు గోల చెయ్యని వాళ్లని చూడు."

చెట్టు కింద ఓ పెద్దాయన. "నాకేం లేదు బాబూ" అన్నాడు. చల్లటి చెమటలు, అందీ అందని నాడి. లోపల రక్తం పోతోంది. ముందు ఆయన్నే తీసికెళ్లాం, బతికాడు. కాలు విరిగినాయన ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉంటాడు. తిట్టనివ్వండి!

న్యాయమంటే అరిచినవాడికి ముందు పెట్టడమా, అవసరమున్నవాడికా? జవాబు దొరికిందని మురుస్తూ ఇంటికొచ్చాను. ఊరినుంచి అమ్మ ఫోను. "నాకేం నాయనా, బాగానే ఉన్నాను."

అడగని అమ్మకి నేనేం పెట్టాను?

ఆ రాత్రే బస్సెక్కాను.