నివ్వరి ఋణము

నేడు పనికిరానిదానిని రేపటివారికొఱకు కాపాడుట ధర్మమా? ధర్మమైనచో దాని వ్యయము నెవరు భరింపవలెను? ఈ ప్రశ్న మాకు వేదాంతగ్రంథములయందు కాక కృష్ణా డెల్టా వరిచేలగట్టున తట్టినది.

పడమటి డెల్టాలోని బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన సాంబమసూరి నెఱుగని తెలుగిల్లు లేదు. దానిని అచ్చముగా మనదే యనుకొందుము. దాని పూర్వులలో నొకటి కోయంబత్తూరు వరి, ఒకటి తైవాను వరి, మఱియొకటి మలయాదేశపు మసూరి. వంశశుద్ధినిగూర్చి గొప్పలు చెప్పుకొనువారును నిత్యమీ సంకరాన్నమునే భుజించుచున్నారు! (వరినిబట్టి మనుష్యధర్మమును నిర్ణయించుట తర్కము గాదు గనుక ఈ మాట నింతటితో విడిచెదము.)

ఈ మేలివరి ఎండాకు తెగులునకు సులభముగా లొంగును. బాక్టీరియా ఆకునాళములలో జొరబడి ఆకును అంచులనుండి ఎండించును. మందులు దానిపై అంతగా పనిచేయవు. దాని నెదిరించు జన్యువులలో ప్రసిద్ధమైన దొకటి ఆఫ్రికాలోని మాలిదేశపు అడవివరిలో దొరకెను. అది మన నివ్వరికి దాయాది. కాళిదాసు శాకుంతలమున నీవారములను ఆశ్రమమునకు గుర్తుగా చెప్పెను గాని, కాపునకు అడవివరి కలుపు మాత్రమే. హైదరాబాదునందలి వరి పరిశోధన సంస్థవారును, సి.సి.ఎం.బి. వారును ఆ జన్యువును, తెగులునకే విరుగుడైన మఱి రెండు జన్యువులను సాంబమసూరిలోనికి తెచ్చిరి. ఇది పుప్పొడి కలుపు పాతపద్ధతియే. సంకరపుమొక్కను మరల మరల నాలుగు తరములు సాంబమసూరితో కలిపిరి. క్రొత్త యేమనగా, లేతయాకు తునకలోని డి.ఎన్.ఏ.లో ఆ జన్యువులచెంత నుండు గుర్తులను చూచి మొక్కల నేరిరి. మూడును ఒక్క మొక్కలో చేరినవో లేదో తెగులు సోకించి చూచినంత మాత్రమున తెలియదు, గుర్తులు తెలుపును. గింజ సన్నదనము చెడలేదు. 2008లో ఆ వంగడము విడుదలయ్యెను.

అయినను ఆ శాస్త్రజ్ఞులు జన్యువును సృజింపలేదు. ఎవరో పాఱవేయక దాచినదానిని వెదకి తెచ్చిరి. మన అక్కుళ్ళు, కృష్ణకాటుకలు ఇంచుమించుగా చేలనుండి తొలగినవి. వానిలో నేమేమి పోయినదో! విత్తనములను శీతలగృహములలో దాచుచున్నారు, మంచిదే; కాని చేనిలో మాఱుచున్న తెగుళ్ళతోపాటు మాఱుట గదిలోని గింజకు సాధ్యము గాదు. కావున పాతవడ్లను విడువవలదని మే మొకప్పు డొక కౌలురైతునకు ఉపదేశించితిమి. ఆయన వినయముగనే, "పంతులుగారూ, తగ్గిన బస్తాలకు కౌలు తమరు కడతారా?" అనెను.

మేము మాటాడలేకపోతిమి. 2001 నాటి చట్టము పాతజాతులను కాపాడిన రైతులకొఱకు జన్యునిధి నేర్పఱచినమాట నిజమే. ఆ కౌలుదారుని గడపవఱకు అది చేరలేదు. సన్నబియ్యపు బస్తాకు బేరమాడు మేమైనను ఆ తఱుగులో మా వంతు నిచ్చుటకు సిద్ధపడితిమా? ఆయనకు మే మింకను ప్రత్యుత్తరము బాకీయున్నాము.