పాతదా? కొత్తదా?

పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే విశాఖపట్నం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తా! సిలిండర్లు పాతవి కొనమంటావా, కొత్తవి కొనమంటావా?"

నేను ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తున్నాను. సిలిండరంటే మనకి వంటగ్యాసు తప్ప ఇంకేం గుర్తొస్తుంది? "గ్యాసు సిలిండరు కొత్తదో పాతదో ఎవరు చూస్తార్రా? వాళ్ళు ఏదిస్తే అదే" అన్నాను.

వాడు నవ్వాడు. వాడి సంగతి మీకు చెప్పలేదు కదూ! చదివింది ఇంజనీరింగు, దిగింది సముద్రంలోకి. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి వెళ్ళే విద్య, స్కూబా డైవింగ్, రుషికొండ దగ్గర నేర్చుకున్నాడు. ఇప్పుడు స్నేహితులతో కలిసి తనే నేర్పుతాడట. ఎవరో పాత సిలిండర్లు పన్నెండు, సగం ధరకి అమ్ముతున్నారట. అప్పు అడగడానికే ఫోన్ చేశాడని నాకూ తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు.

పాత వస్తువంటే నాకేం చిన్నచూపు లేదు. బోరబండలో కాపురముంటూ ఎర్రగడ్డ ఆదివారం అంగడికి వెళ్ళనివాళ్ళెవరు? నా రాతబల్ల అక్కడిదే. దాని సొరుగులో ఎవరిదో పదో తరగతి హాల్ టిక్కెట్టు కూడా దొరికింది. పాపం, ఆ పిల్ల పాసయిందో లేదో! ఆ బల్ల మీద మూడు నవలలు రాశాను. దాని కాలు విరిగితే నా కాగితాలు కింద పడతాయి, అంతే.

సిలిండరు అలా కాదన్నాడు మేనల్లుడు. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు మనిషి పీల్చినప్పుడే గాలి వదిలే సాధనం తయారుచేసినప్పటినుంచి ఈ డైవింగ్ మామూలు మనుషులకి అందిందట. అందులో వుండేది అందరూ అనుకున్నట్టు ఆక్సిజన్ కాదు, మనం పీల్చే గాలే. కాకపోతే దాదాపు 200 బార్ ఒత్తిడితో కుక్కివుంటుంది. అంటే కారు టైరులో వుండే ఒత్తిడికి సుమారు తొంభై రెట్లు. అది పగిలితే దగ్గరున్న మనిషి మిగలడు.

"మరి పాతది ఎలా నమ్ముతార్రా?"

"నమ్మరత్తా, పరీక్ష చేస్తారు."

ఆ పరీక్ష నాకు భలే నచ్చింది. సిలిండరు నిండా నీళ్ళు నింపి, మామూలుగా మోసే ఒత్తిడి కంటే ఎక్కువ పెడతారు. నీళ్ళెందుకంటే, గాలితో పగిలితే బాంబే. నీళ్ళతో అయితే చీలి వూరుకుంటుంది. ఒత్తిడికి సిలిండరు రవ్వంత ఉబ్బుతుంది. ఒత్తిడి తీసేశాక మళ్ళీ తన కొలతకి రావాలి. రాకపోతే పనికిరాదు. అయిదేళ్ళకోసారి ఇలా చూసి, ఆ తారీకు సిలిండరు భుజం మీదే చెక్కుతారు. లోపల దీపం వేసి తుప్పూ చీలికలూ కూడా చూస్తారు. 1980ల చివరిదాకా 6351 అనే రకం అల్యూమినియంతో చేసినవాటిలో కొన్నిటికి మెడ దగ్గర చీలికలు వచ్చాయట. బయటికి మాత్రం నిగనిగలాడుతూనే వున్నాయి. అంటే కొత్తగా కనిపించడానికీ బాగుండడానికీ సంబంధమే లేదన్నమాట.

ఫోన్ చేత్తో పట్టుకునే వెళ్ళి మా వంటగ్యాసు సిలిండరు చూశాను. పైన పట్టీ లోపలివైపు "సి-28" అని వుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలలకీ గుర్తు "సి". 2028లో ఆ నెలల లోపల దీన్ని పరీక్షకి పంపాలన్నమాట. ఎన్ని ఇళ్ళు తిరిగొచ్చిందో! ఎవరు వాడినదో అని నేనెప్పుడూ వెనకాడలేదు. అక్షరం కూడా చూడలేదు, అది వేరే సంగతి.

"మరి ఆ పన్నెండింటి మీదా తారీకులున్నాయా?" అన్నాను.

వాడు కాస్త నసిగాడు. ఎనిమిదింటికి వున్నాయి. నాలుగింటికి గడువు దాటింది. కొన్నాక పరీక్ష చేయించుకోమన్నాడట అమ్మేవాడు. "గట్టిగా అడిగితే బేరం పోతుందత్తా. అయినా నేను కట్టుకు దిగి చూశాను, బానే వుంది."

అక్కడే నాకు ఇబ్బందిగా అనిపించింది. వాడు కట్టుకు దిగితే వాడి ప్రాణం, వాడి తెగింపు. రేపు కట్టుకునేది ఎవరో తల్లి పంపిన పిల్లాడు. మనం నిన్నటి అన్నం పోపు పెట్టుకు తింటాం, పిల్లల క్యారేజీలో పెట్టం. పొదుపు చేసేటప్పుడు ఎవరి వొంటిమీద చేస్తున్నామో ఏ ఇల్లాలికైనా తెలుసు. ఇదంతా ధాటీగా వాడికి చెప్తున్నానా, ఒక్కసారిగా నోరు పడిపోయింది. కుక్కరు గుర్తొచ్చింది.

నాలుగేళ్ళ కిందటి మాట. మా అయిదు లీటర్ల కుక్కరుకి సేఫ్టీ వాల్వు పోయింది. వీధిలో రిపేరు చేసే మనిషి ఆ కన్నంలో సీసం కరిగించి పోశాడు. ఆవిరి ఎక్కువైతే దారివ్వాల్సిన కన్నం అది! రెండు రోజులు వండి, భయమేసి మానేశాను. కొత్తది కొన్నాను. పాతది మా పనమ్మాయి అడిగితే మూడొందలకి ఇచ్చాను. "బాగా పనిచేస్తుందా అమ్మా?" అంది. "ఆఁ, బాగానే ఉడుకుతుంది" అన్నాను. అది అబద్ధం కాదు. నేనెందుకు మానేశానో తను అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ సాయంత్రమే కొత్త కుక్కరు కొని, సైట్-త్రీలో వాళ్ళిల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. పని మానేసి రెండేళ్ళయింది, అయినా సంబరంగా కుర్చీ వేసింది. పొయ్యి మీద అదే కుక్కరు. సంగతి చెప్పాను. గొంతు సరిగ్గా రాలేదు.

"నాకు ఎర్కనేనమ్మా" అంది తను. "మొదటి రోజే మా ఆయన చూసిండు. అందుకే అది కూసేదాంక పిల్లలని లోపలికి రానియ్య."

నాలుగేళ్ళుగా, రోజూ. నేను మాట్లాడలేకపోయాను. తను మాత్రం లేచి టీ పెట్టింది.

మేనల్లుడికి ఎనిమిది సిలిండర్లకే డబ్బు పంపాను. ఆ నాలుగూ అమ్మేవాడి ఖర్చుతో పరీక్ష అయి వస్తే అప్పుడు మిగతాది. "వాడికి కోపమొచ్చింది అత్తా" అని మెసేజి పెట్టాడు. రానీ.

ఇక పాత కుక్కరు నాతోపాటే ఇంటికొచ్చింది. పరీక్షలో తప్పిన సిలిండరుని మళ్ళీ ఎవరూ వాడకుండా కోసెయ్యాలో, అణిచెయ్యాలో అని నిబంధన వుందట. మా వారిని బతిమాలి దాని అడుగున డ్రిల్లుతో మూడు కన్నాలు పెట్టించాను. మర్నాడు పాత సామాన్లవాడు తూకం వేసి వంద రూపాయలు చేతిలో పెట్టాడు.

"కన్నాలు ఎందుకు పెట్టిన్రమ్మా? మంచిగుంటే మూడొందలిస్తుంటి" అన్నాడు.